నాలుగు రోజుల కుప్ప

బంగాళాదుంపను మేస్త్రమ్మ బల్ల మీద పెట్టలేదు, వదిలేసింది. అది రెండుసార్లు దొర్లి గాజు జాడీకి తగిలి ఆగింది.

"మీ గదిలోవే మాస్టారూ," అంది. "మీ పిల్లలు గడప దాటొచ్చి మా కుప్పలో కాపురం పెట్టాయి. చూసుకోండి మరి."

ఆమె లోపలికి రాలేదు. ఎనిమిదిమంది ఆడవాళ్ళ చేత దుంపలు తవ్వించే మనిషి, ఎవరి గట్టయినా అడక్కుండా దాటే మనిషి, ఈ గుమ్మం దగ్గర మాత్రం ఒక కాలు వెనక్కి పెట్టుకునే నిలబడుతుంది. లోపల వేలకొద్దీ పురుగులున్నాయని ఆమెకు తెలుసు. అవి తలుపు తీయగానే మీద పడతాయని ఆమె అనుమానం.

మాస్టారు దుంపను చేతిలోకి తీసుకున్నాడు. అతను ఎవరికీ ఏ పాఠమూ చెప్పినవాడు కాదు. ముప్ఫై ఏళ్ళుగా రైతుల సంఘం వాళ్ళ పురుగుల గదిని చూసుకుంటున్నాడు. కళ్ళజోడును చూసి ఎవరో మొదటిసారి అలా పిలిచారు, అదే ఉండిపోయింది. దుంప కన్ను పక్కన నల్లటి పొడి పేరుకుని ఉంది. గోటితో ఆ పొడిని తీసేస్తే సూది దూరేంత రంధ్రం కనిపించింది. చూడగానే పాత భయం లేచింది. దాన్ని అతను ఎంత బాగా ఎరుగునంటే, చాలా రోజులకు కలిసిన బంధువును పలకరించినట్టు దాన్ని పలకరించాడు.

"ఎవరి కుప్ప?"

"పొడుగాయనది. నలభై బస్తాలు. ఆయన అప్పుడే చేతులూపుకుంటూ సంఘం ఆఫీసుకి పోయాడు. ఆ చేతులు ఊగితే ఎవరికో ఒకరికి మూడినట్టే." ఆమె గొంతు తగ్గించింది. "గురువారం మీటింగులో మీ గదికి తాళం వేయించేస్తాడంట. తాళం కూడా తనే కొనిస్తాడంట, సంఘానికి ఖర్చెందుకని."

ఆమె వెళ్ళిపోయాక అతను పని మొదలుపెట్టాడు. పని ఆపితే ఆలోచన వస్తుంది. బయటి తలుపు వేసి, మధ్యలో ఉన్న చీకటి సందులో నాలుగు అంకెలు లెక్కపెట్టుకుని, నల్ల తెర పక్కకు జరిపి, లోపలి తలుపు తీశాడు. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకోకూడదు. గదికి ఉన్న ఒకే ఒక్క చట్టం అది. లోపల ఒక గోడ వారంతా దుంప తొలిచే రెక్కల పురుగుల జాడీలు. వాటి మూతులకు పలుచటి గుడ్డ, గుడ్డ మీద కాగితం. పురుగులు ఆ గుడ్డలోంచి కాగితానికి గుడ్లు పెడతాయి. ఆ కాగితాలను ఎదుటి గోడ దగ్గరున్న పెట్టెల్లోకి మారిస్తే, అక్కడ చీమ తలంత కూడా లేని కందిరీగలు ఆ గుడ్లలో తమ గుడ్డు పెడతాయి. పురుగు పుడుతుంది, దుంప తింటుంది, అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. తన లోపల ఇంకొకరు పెరుగుతున్నారని దానికి తెలియదు. చివరకు బిర్రబిగుసుకుని గోధుమరంగు కాయలా మారుతుంది. పెట్టిన ఒక్క గుడ్డే లోపల చీలి చీలి, ఒక్కో కాయలోంచి నలభై కందిరీగలు. కాయలను అట్టముక్కలకు అంటించి పొలాల్లో మొక్కలకు కట్టిస్తాడు. శత్రువును పెంచి, ఆ శత్రువు కడుపులో స్నేహితుణ్ణి పెంచడం. ఊళ్ళో వాళ్ళకు ఈ రెండో సగం ఎప్పుడూ గుర్తుండదు.

కుచ్చులా కట్టిన సూదులతో కొత్త దుంపలకు చిల్లులు పొడవసాగాడు, పిల్లపురుగులు దూరడానికి. ఒక్కో దుంపకు ముప్ఫై పోట్లు. చేయి తన పని తాను చేసుకుపోతోంది. కళ్ళు మాత్రం లోపలి తలుపు గడియ మీదకు పోతున్నాయి. నిన్న సాయంత్రం వేశాడు. వేసి, లాగి చూశాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూస్తున్నాడు. ఈ గదిలోంచి ఒక్క పురుగు కూడా పోలేదని అతను ఎవరి ముందయినా నిలబడి చెప్పగలడు. కానీ అంతకుముందు కూడా పోలేదని మాత్రం చెప్పలేడు. ఎందుకంటే ఇరవై రెండేళ్ళ కిందట ఒకరోజు అతను గడియ వేయలేదు.

*

మధ్యాహ్నం పొలానికి వెళ్ళాడు. సంఘం కార్యదర్శి అప్పటికే అక్కడ ఉంది. చిన్న వయసు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఎండకు చున్నీ తలమీద వేసుకుని ఫోనులో ఫోటోలు తీస్తోంది.

"మాస్టారూ, మీరేమీ అనుకోకండి. గది నుంచి వచ్చాయని అందరూ అంటుంటే నేను కాదనడానికి నా దగ్గర ఏదైనా ఉండాలి కదా."

"ఉండాలమ్మా."

"ఇంతకుముందు కూడా ఒకసారి ఇలాగే జరిగిందట కదా?"

అతను కుప్ప దగ్గర కూర్చున్నాడు. ఎండకు దుంప పచ్చబడకుండా పైన జానెడు మందాన ఆకు కప్పి ఉంది. తవ్వే ముందు కోసేసిన బంగాళాదుంప మొక్కలే అవి. పైది ఎండి గలగలలాడుతోంది, కిందది ఇంకా మెత్తగా, చల్లగా ఉంది. కుప్పల మీద ఆకు కప్పడం ఇక్కడ అందరూ చేసేదే. చేతికి అందేది అదే, తేలిగ్గా ఉంటుంది, డబ్బివ్వక్కర్లేదు. అతను ఆకు తొలగించి పైవరస దుంపలు ఒక్కొక్కటీ తీసి చూశాడు. పదింటిలో ఆరింటికి నల్లపొడి. మోచేతిదాకా చేయి లోపలికి పోనిచ్చి అడుగునుంచి పది తీశాడు. ఒక్కదానికీ లేదు.

పుచ్చిన దుంపనొకదాన్ని చాకుతో చీల్చాడు. పురుగు బయటికి వచ్చి బొటనవేలి గోరు మీదకు పాకింది. లేత గులాబిరంగు వీపు, నల్లటి తల. గోరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా సరిగ్గా సరిపోయింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. ఏదో తట్టబోయి తట్టలేదు. మనసంతా తలుపు దగ్గరే ఉంది.

"ఎప్పుడు తవ్వారు?" అని అడిగాడు.

గట్టు మీద నీళ్ళు తాగుతున్న మేస్త్రమ్మ మూతి తుడుచుకుంది. "శుక్రవారం పొద్దున. మట్టి బీటలు లేకుండా బాగా ఎగదోసి ఉంది, దుంప ఒక్కటీ బయటికి కనపళ్ళేదు. ఏరుతున్నప్పుడు ఒక్క పుచ్చు లేదు, మా అత్త మీద ఒట్టు."

"మీ అత్త పోయి పదేళ్ళయింది కదా," అంది పక్కనున్నామె.

"అందుకే ధైర్యంగా వేస్తున్నా."

ఆడవాళ్ళంతా నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వింది. మాస్టారు గోటి మీది పురుగును అగ్గిపెట్టెలో వేసుకుని లేచాడు.

*

మంగళవారం పొద్దున కాగితాలు మారుస్తున్నప్పుడు తెలిసింది. అంత చిన్న విషయం అంత ఆలస్యంగా తెలిసినందుకు అతను కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ప్రతి కాగితం మూలన పెన్సిలుతో తేదీ రాసి ఉంటుంది. చేతిలో ఉన్నది శుక్రవారం నాటిది. దాని మీది గుడ్లు ఇంకా గుడ్లుగానే ఉన్నాయి, నువ్వుగింజలో పదోవంతు, మెరుస్తూ. ఐదు రోజులు గడిస్తే కాని పగలవు. పగిలాక గోరంత పురుగు కావడానికి పన్నెండు రోజులు, చలిగా ఉంటే పదిహేను. ఇది అతనికి తన వయసు తెలిసినట్టు తెలుసు. కుప్ప వేసింది శుక్రవారం. గదిలోంచి రెక్కల పురుగులు గుంపులు గుంపులుగా పోయి ఆ రాత్రే కుప్ప మీద గుడ్లు పెట్టినా, నిన్న సోమవారానికి ఆ దుంపల మీద గుడ్లే ఉండాలి. నాలుగు రోజుల కుప్పలో పన్నెండు రోజుల పురుగు ఎక్కడినుంచి వస్తుంది?

ఆకులోంచి. మొక్క పచ్చగా ఉన్నప్పుడే ఆకుల్లో, కాడల్లో ఉంది. మొక్కను కోసి కుప్ప మీద కప్పారు. ఆకు ఎండుతోంది, పురుగుకు తిండి పోతోంది, కిందనే దుంప ఉంది. జానెడు దూరం. దిగింది, అంతే.

రెండు గంపలు తీసుకున్నాడు. ఒక్కోదానిలో ఇరవై మంచి దుంపలు, ఒక్కోటీ భూతద్దంతో చూసి మరీ. ఒక గంప మీద పొడుగాయన పొలంలోంచి తెచ్చిన ఆకు, రెండోదాని మీద ఎండుగడ్డి. రెండింటినీ గుడ్డతో చుట్టి తాడుతో బిగించి ముడివేసి, ఎండ తగిలేలా సంఘం ఆఫీసు వరండాలో, అందరూ చూసేచోట పెట్టాడు. కార్యదర్శిని పిలిచి ముడుల మీద కాగితం అంటించి సంతకం పెట్టమన్నాడు.

"ఏమవుతుంది?" అందామె.

"గురువారం విప్పుదాం."

తిరిగి వచ్చి బీరువా తెరిచాడు. ఆ సీసా ఎక్కడుందో వెతకనక్కరలేదు. పై అరలో, ఎడమ చివర, కంటికి ఎదురుగా. రోజూ ఆ బీరువా తీస్తాడు, రోజూ చూపు దాని దగ్గరిదాకా పోయి పక్కకు తప్పుకుంటుంది. బొటనవేలంత సీసా, అందులో పసుపెక్కిన స్పిరిటు, అడుగున ముడుచుకున్న ఒక పురుగు. మీద అతికించిన చీటీ మీద గుండ్రటి అక్షరాలు: పెద్ద పొలం కుప్ప, అయిదో రోజు.

అవి వదిన అక్షరాలు.

సీసాను గోరు పక్కన పెట్టి చూశాడు. స్పిరిటులో ఇన్నేళ్ళు ముడుచుకుపోయి కూడా ఆ పురుగు గోరంత ఉంది.

వదిన ఈ గదికి మొదటి మనిషి. అతని చేతికి సూదుల కుచ్చు మొదట ఇచ్చింది ఆమె. "పొడు, భయపడకు, దుంపకు నొప్పుండదు, నీకుంటే చెప్పు," అనేది. మూతి గుడ్డ కట్టుకోకుండా జాడీలు దులిపి, రెక్కల దుమ్ముకు వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, ఎనిమిదోది రాకపోతే దిగులుపడేది. మధ్యాహ్నాలు ఇద్దరూ బయటి గదిలో ఉప్పు వేసి ఉడికించిన దుంపలు ఒలుచుకు తినేవాళ్ళు. చిల్లుపడ్డ దుంప వస్తే "ఇది నీ పిల్లలది" అని అతనివైపు తోసేది. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. తర్వాత పెద్ద పొలం కుప్ప పుచ్చింది. మీటింగు పెట్టారు. కుప్ప వేసిన సాయంత్రం గదిలోంచి ఆఖరున వెళ్ళింది ఎవరని ప్రెసిడెంటు అడిగాడు. వాన మొదలైందనీ, సైకిలు బయట తడుస్తోందనీ, తాను గడియ వేయకుండా పరుగెత్తాననీ మాస్టారికి గుర్తుకొచ్చింది. నాలుక పైకి లేవలేదు. ఈలోగా వదిన లేచి, "నేనే," అంది.

మొదటి ఏడాది అదొక అనుమానం మాత్రమే, గడియ వేశానా లేదా అని. ఐదో ఏటికి అనుమానం జ్ఞాపకమైంది. పదో ఏటికి ఆ జ్ఞాపకానికి చప్పుడు కూడా వచ్చింది, గాలికి తలుపు కొట్టుకున్న చప్పుడు. వదిన అతని తప్పును తన మీద వేసుకుంది. అతని ఉద్యోగం నిలబెట్టింది. ఆ తర్వాత ఆమె ఈ గది గుమ్మం తొక్కలేదు, అతను ఆ మాట ఎత్తలేదు. రెండు వీధుల దూరంలో ఉంటూ, పెళ్ళిళ్ళలో పక్కపక్కన భోంచేస్తూ, అన్నయ్య పోయినప్పుడు ఆ ఇంట్లోనే పదిహేను రోజులు ఉండి కూడా.

సీసాను చొక్కా జేబులో వేసుకున్నాడు.

*

బుధవారం పొద్దున వెళ్ళేసరికి వదిన పెరట్లో దుంపలు తవ్వుతోంది. ఇంటి వెనక ఉన్న పావు ఎకరం ఆమె ఒక్కతే చూసుకుంటుంది. ఒక రోజుకు రెండే వరసలు. తవ్వినవి తవ్వినట్టు గంపలోకి, నిండిన గంప నిండినట్టు ఇంట్లోకి. కోసిన ఆకును దూరంగా గోతిలో వేసి మట్టి కప్పేసింది.

"ఏమయ్యా మరిదీ, దారి తప్పావా?"

"నిన్ను చూద్దామని వచ్చాను."

"చూశావుగా. ఇక వంగు. ఆ గంప ఇటు జరుపు."

వంగాడు. ఆమె గునపంతో మట్టిని పెళ్ళగించడం, అతను దుంపలు ఏరి బొటనవేలితో మట్టి తుడవడం. ఆమె తవ్వే వేగానికి అతని చేయి తెలియకుండానే సర్దుకుంది. ఇద్దరూ కలిసి పని చేసి ఇరవై రెండేళ్ళయింది.

"పొడుగాయన కుప్ప సంగతి విన్నాను," అంది వదిన, మట్టిలోకే చూస్తూ. "గదిలోంచేనా?"

"కాదు." జేబులోంచి సీసా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "అప్పుడు కూడా కాదు."

ఆమె సీసాను కళ్ళకు దూరంగా పట్టుకుంది. "నా రాతే. అప్పట్లో ఎంత గుండ్రంగా రాసేదాన్నో." ఎండకు ఎత్తి లోపలికి చూసింది. ఆమె పెదవులు కదిలాయి. ఆమె లెక్కపెడుతోందని అతనికి అర్థమైంది. గుడ్డుకు ఐదు. పురుగుకు పన్నెండు. లెక్క పూర్తి కాగానే ఆమె గట్టు మీద కూర్చుంది. కూర్చోవాలనుకుని కూర్చున్నట్టు లేదు.

"ఆకు," అంది.

"ఆకే."

"అయిదో రోజని నేనే రాసి, నేనే చదవలేదు."

ఇక చెప్పాలి. చెప్పడానికి ఇరవై రెండేళ్ళుగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ దొరకలేదు. "వదినా, అసలు ఆ సాయంత్రం గడియ వేయకుండా పోయింది నేను. వాన వచ్చింది, సైకిలు తడుస్తోందని పరుగెత్తాను. మీటింగులో నోరు మెదపలేదు. నాకోసం నువ్వు 'నేనే' అన్నావు. అది నాకు తెలుసు. నీకు ఎప్పుడూ చెప్పలేదు, అంతే."

వదిన అతనివైపు తిరిగింది. ముఖంలో మొదట ఏమీ లేదు. తర్వాత నవ్వు వచ్చింది, ఆమెకు కూడా ఇష్టం లేని నవ్వు.

"నీ కోసమా? అబ్బో! ఎంత ఆశయ్యా నీకు!"

"కాదా?"

"నువ్వు వెళ్ళాక కళ్ళజోడు మరిచిపోయానని మళ్ళీ వచ్చాను. గడియ వేసే ఉంది, నేనే తీశాను. పోతూ పోతూ రెండు చేతుల్లో రెండు జాడీలు. తలుపును కాలితో తోశాను. పడిందో లేదో చూసుకోలేదు. నా తప్పు కాబట్టి నేనే అన్నాను. నీ ఊసే తట్టలేదు నాకు."

అతని చేతిలో ఒక దుంప ఉంది. దాని మట్టిని అంతకుముందే తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. గాలికి తలుపు కొట్టుకున్న చప్పుడు విన్నాడే. గడియ ఇనుము చల్లదనం వేలికి తగలకుండా పరుగెత్తడం గుర్తుందే. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? తేలికపడాలి కదా ఇప్పుడు, తప్పు లేదని తెలిశాక. తేలికగా లేదు. ఇన్నాళ్ళూ ఉన్న ఇంటిని ఎవరో ఖాళీ చేయించినట్టుంది. ఆ తప్పులో ఒక గది ఉంది. అందులో వదిన అతని కోసం రోజూ లేచి నిలబడేది. అలసిపోయిన సాయంత్రాలు అతను వెళ్ళి కూర్చునేది అక్కడే.

"ఈ సీసా ఎక్కడుంది ఇన్నాళ్ళూ?" అంది వదిన.

"బీరువాలో. పై అరలో."

"కనపడేట్టేనా?"

"కనపడేట్టే."

ఆమె గునపం అందుకుంది. మట్టిలో దించింది కాని పెళ్ళగించలేదు. "నేనంటే సిగ్గుతో పారిపోయాను. మళ్ళీ అటు చూడలేదు. నువ్వక్కడే ఉన్నావు కదయ్యా. పురుగుల మనిషివి. ఒక్కరోజు ఆ సీసాను పురుగును చూసినట్టు చూస్తే సరిపోయేది."

అతను మిగిలిన సగం వరస తవ్వేదాకా ఉండి, గంప ఇంట్లో పెట్టి వచ్చాడు.

*

గురువారం మధ్యాహ్నం మీటింగుకు హాలు నిండింది. పావు ఎకరం వాళ్ళకు కూడా సంఘంలో ఓటు ఉంది. వదిన ఆడవాళ్ళ వరసలో గోడవారన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె మీటింగుకు రావడం ఇదే మొదటిసారి. అతనివైపు చూడలేదు.

కార్యదర్శి ముడుల మీద తన సంతకాలు చూసుకుని, కత్తెరతో తాళ్ళు కత్తిరించింది. ఎండుగడ్డి కింది ఇరవై దుంపలు బల్లమీద పరిచారు. మచ్చ లేదు. ఆకు కింది ఇరవై పరిచారు. పదకొండింటికి నల్లపొడి. మాస్టారు ఒకదాన్ని చీల్చాడు. గోరంత పురుగు బల్ల అంచుదాకా పాకి, పొడుగాయన వైపు తల ఎత్తింది.

"మిమ్మల్నే చూస్తోంది," అన్నారెవరో. హాలంతా నవ్వింది. పొడుగాయన చేతులు మొదటిసారి ఊగకుండా ఆగాయి.

మాస్టారు రోజుల లెక్క చెప్పాడు. గుడ్డుకు ఐదు, పురుగుకు పన్నెండు, కుప్పకు నాలుగు. గుడ్డ చుట్టిన గంపలోకి ఏ రెక్కల పురుగూ దూరలేదని చెప్పాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ళు రైతులు, కాలం లెక్క వాళ్ళకు కొత్త కాదు.

"అయితే గది జోలికి పోనక్కర్లేదు," అన్నాడు ప్రెసిడెంటు, అలసిపోయిన గొంతుతో. "రాసుకోమ్మా. మేస్త్రమ్మ నిర్లక్ష్యం వల్ల, కుప్ప మీద ఆకు కప్పినందువల్ల..."

"నా నిర్లక్ష్యమేంటండీ?" గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రమ్మ గొంతు పైకి లేచింది. "సంచులడిగితే ఇచ్చారా? దుంప పచ్చబడితే మీరే తిడతారు. అందరూ కప్పేదే కప్పాను."

"అందరి కుప్పలూ పుచ్చలేదు కదా," అన్నాడు పొడుగాయన. వేలు చూపించడానికి ఒక మనిషి దొరకడంతో అతని చేతులకు మళ్ళీ ప్రాణం వచ్చింది. "ఈమె ముఠాను వచ్చే ఏడాది పిలవద్దని కూడా రాయండి."

మేస్త్రమ్మ హాలు మొత్తం కలయజూసింది. ఎవరైనా ఒక్కరు మాట్లాడతారేమోనన్న చూపు. ముఖాలన్నీ ఒళ్ళోని చేతుల్ని చూసుకుంటున్నాయి. మాస్టారికి ఆ ముఖాలు తెలుసు. వాటిలో ఒకటి ఒకప్పుడు తనది.

లేచాడు. "అలా రాయొద్దు."

"ఏం?"

"ఆకు కప్పొద్దని ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పాల్సింది నేను. పురుగు ఆకులోంచి దిగుతుందని తెలుసుకోవడానికి ఇరవై రెండేళ్ళుగా నా బీరువాలో సీసా ఉంది. నేను చూడలేదు. ప్రతి ఏడూ మీకు కందిరీగల కాయలిచ్చి, మట్టి ఎగదోయమని చెప్పి, తలుపు గడియ చూసుకుంటూ కూర్చున్నాను. రాస్తే నా పేరు రాయండి." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకటి. పెద్ద పొలం కుప్ప పుచ్చిన ఏడు, ఇదే హాల్లో మా వదిన 'నేనే' అంది. ఆమె కాదు. తలుపు తెరిచి ఉన్నా, మూసి ఉన్నా ఆ కుప్ప పుచ్చేది. అది కూడా ఆకే. ఆ మాట కూడా రాయాలి."

ముందువరసలో ఒకతను పక్కవాణ్ణి గొణుగుతూ అడిగాడు, "ఏ ఏడు?" కార్యదర్శి పెన్ను పట్టుకుని తలెత్తింది. ఆ పాత పుస్తకాలు ఎక్కడున్నాయో ఆమెకు తెలియదు. చివరకు అందరికంటే పెద్దాయన, చెవిటి మిషను సర్దుకుంటూ, దయగా అన్నాడు.

"పెద్ద పొలమా? అది వడగళ్ళకు కదయ్యా పోయింది. నాకు బాగా గుర్తు. నిమ్మకాయంత పడ్డాయి."

"అవునవును, వడగళ్ళు," అన్నారు మరో ఇద్దరు.

మాస్టారు గోడవైపు చూశాడు. వదిన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కళ్ళు పెద్దాయన ముఖం మీద నిలిచిపోయాయి.

మేస్త్రమ్మ పేరు రాయలేదు. కుప్పలు కప్పడానికి సంఘమే ఎండుగడ్డి, సంచులు ఇవ్వాలనీ, కోసిన ఆకును గోతిలో పూడ్చాలనీ, గది నడవాలనీ రాశారు. వడగళ్ళ గురించి, వదిన గురించి ఏమీ రాయలేదు. మేస్త్రమ్మ వెళ్తూ వెళ్తూ అతని దగ్గర ఆగి, "మా అత్త మీద ఒట్టు మాస్టారూ, మీరింత మాట్లాడతారనుకోలేదు," అంది.

*

వదిన రోడ్డు మలుపు దగ్గర ఆగి ఉంది. అతను రాగానే నడవడం మొదలుపెట్టింది. ఎండ వాలుతోంది.

"దుకాణానికి వెళ్ళాలంటే సంఘం ఆఫీసు ముందునుంచి రెండు నిమిషాలు," అంది చాలా దూరం నడిచాక. "ఇన్నేళ్ళూ వెనక వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. వాళ్ళు చూస్తారని. చూసి అనుకుంటారని." ఆగింది. "వడగళ్ళట!"

నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి నవ్వు ఆమెకు తెలియకుండానే వచ్చింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ గోడకు చేయి ఆనించింది. అతనికి నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"రేపు గదికి రా వదినా," అన్నాడు.

"ఎందుకు, నువ్వు మార్చినవన్నీ చూసి తిట్టడానికా? రాను. అరవై ఆరేళ్ళకు ఆ దుమ్ము ఎవరు పీలుస్తారు?" కోపంగా అనలేదు, మెత్తగానూ అనలేదు. పది అడుగులు వేశాక అడిగింది. "వాసన ఎలా ఉంటోంది ఇప్పుడు?"

"దేని వాసన?"

"గదిదయ్యా. పొద్దున తలుపు తీయగానే."

అతను ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. ముప్ఫై ఏళ్ళు, ప్రతి పొద్దునా, ఆ తలుపు. ముక్కులో ఏమీ లేదు.

"తెలీదు వదినా. రోజూ అందులోనే ఉంటాను కదా. నాకు రాదు."

"నాకొస్తుంది," అంది వదిన. "ముందు కిరసనాయిలు వాసన. రాత్రంతా వెచ్చదనానికి వెలిగించి ఉంచిన స్టవ్వు."

"ఆ స్టవ్వు తీసేశారు వదినా. పదిహేనేళ్ళయింది. ఇప్పుడు కరెంటు హీటరు."

"తీసేస్తే తీసేశారులే. చెప్పనీ." ఆమె నడక నెమ్మదించింది. "కిరసనాయిలు తర్వాత దుంపల కింద పరిచిన తడి ఇసక, అంచులు ఆరుతూ ఉంటే వచ్చేది. దాని వెనకాల కోసిన దుంప, అది కొంచెం వానలా ఉండేది. ఆ తర్వాత, మరీ లోపలికి వెళ్తే..."

అతను అడుగు చిన్నది చేసుకుని ఆమె పక్కన నడిచాడు. ముప్ఫై ఏళ్ళుగా తాను పని చేస్తున్న గదిలోకి మొదటిసారి వెళ్తున్నట్టు, ఆమె చెప్పేది వింటూ.